మూడు దారులు, ఒకటే గడియారం

జిల్లా జట్టు పేర్లు వచ్చిన రోజు మైమూన్ చెప్పులు కూడా విప్పకుండా మా వంటింటి దాకా వచ్చింది. జమ్మలమడుగులో మా రెండిళ్ళకూ మధ్యగోడ ఒకటే. ఆమె భర్త హుమాయున్ కువైట్‌లో డ్రైవరు. ఇన్నేళ్ళలో ఆమె చెప్పులతో నా వంటింట్లోకి రావడం అదే మొదలు.

"అక్కా, ఈ ఫోను సూడు. మా నాజియా పేరు నాకు కనపడ్లేదు. నీకన్నా కనపడుతుందేమో."

చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆరు పేర్లున్నాయి. నలుగురు ప్రొద్దుటూరు పిల్లలు, ఇద్దరు పులివెందుల పిల్లలు. జమ్మలమడుగు నుంచి ఒక్కరు కూడా లేరు. జమ్మలమడుగు పోటీలో అందరికంటే ముందు వచ్చిన నాజియా పేరు పై నుంచి కిందికీ కింద నుంచి పైకీ వెతికినా లేదు.

క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. చేలు, గట్లు, వాగులు, వంకలు దాటుకుంటూ పోవాలి. ఆడపిల్లలకు నాలుగు కిలోమీటర్లు. ప్రతి ఏడూ అందరినీ ఒకేచోట పరిగెత్తించి జట్టును ఎన్నుకునేవారు. ఈ ఏడు మూడు ఊళ్ళలో మూడు పోటీలు పెట్టారు. తర్వాత మూడు ఊళ్ళ సమయాలనూ ఒకే వరుసలో పేర్చి, పై ఆరుగురినీ తీసుకున్నారు. అంతే. ఏ దారి ఎలాంటిదని ఎవరూ అడగలేదు.

నాజియా ఇంటర్ రెండో సంవత్సరం. ఈ వయసు విభాగంలో ఆమెకు ఇదే ఆఖరు అవకాశం. రాష్ట్ర పోటీల్లో పరిగెత్తిన పిల్లలనే స్పోర్ట్స్ అకాడమీ వాళ్ళు చూస్తారు. అక్కడ సీటొస్తే హాస్టలు, చదువు, కోచ్ అన్నీ దొరుకుతాయి. జిల్లా జట్టులో లేకపోతే రాష్ట్ర పోటీ లేదు, అకాడమీ లేదు. ఆ సంగతి హుమాయున్‌కి కూడా తెలుసు. పోయిన నెలలోనే కువైట్ నుంచి ఎవరి చేతనో బూట్లు పంపాడు.

పేర్ల కింద అందరి సమయాలూ ఇచ్చారు. నేను గణితంలో బీయస్సీ చదివాను. వంటింట్లో ఉన్నంత మాత్రాన అంకెలు మరిచిపోలేదు. ప్రొద్దుటూరులో అందరికంటే వెనక వచ్చిన పిల్ల కూడా జమ్మలమడుగులో మొదట వచ్చిన నాజియా కంటే ముందుంది. ఒకరిద్దరు వెనకబడితే పిల్లలు సరిగ్గా పరిగెత్తలేదనుకోవచ్చు. ఊరు ఊరంతా ఒకేసారి పరుగు మరిచిపోతుందా? పోయిన ఏడు అందరూ ఒకేచోట పరిగెత్తినప్పుడు నాజియా ఈ ఆరుగురిలో నలుగురిని దాటింది. ఆ నలుగురూ ఏడాదిలో లేళ్ళయి, ఈ పిల్ల ఒక్కతే తాబేలయిందా?

మా ఆయన బాలసుబ్బయ్య హైస్కూల్లో తెలుగు పండితుడు. అన్నం తింటూ అంతా విన్నాడు.

"మనకెందుకే? కమిటీ వాళ్ళు సూసుకోరా?"

"వాళ్ళు చూసుకున్నదే కదండీ ఇది" అన్నాను.

మరునాడు మైమూన్‌నూ నాజియానూ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళాను. ఎంపిక కమిటీకి పెద్ద అవినాష్ అనే పీడీ. పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగంలో పైమెట్టు ఎక్కినవాడు. కాలువ దగ్గర ఎంపికైన పిల్లలకు శిక్షణ ఇస్తూ కనిపించాడు.

"ఏంది మేడం, అందరూ ఇట్లనే వస్తాండారు. పేరు లేనోళ్లంతా అన్యాయమంటే నేనేం సేసేది?" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"అన్యాయమని నేనింకా అనలేదు సార్. మూడు దారులూ సమానమేనా అని అడగడానికొచ్చాను."

"సమానమే. మూడు సోట్లా బైకు మీటరు పెట్టి కొలిచినాం. నాలుగు కిలోమీటర్లంటే నాలుగే. గజం ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"దూరం సరే. ఎత్తుపల్లాలు? కాలి కింద నేల?"

ఆయన నవ్వాడు. "క్రాస్ కంట్రీ అంటేనే ఎత్తుపల్లాలు మేడం. నున్నంగుండాలంటే ఇంట్లో హాల్లో పరిగెత్తుకోవాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మైమూన్ కొంగు సర్దుకుంటూ తల దించుకుంది. నాకు ఒళ్ళు మండింది కానీ మాట పెంచలేదు. వాళ్ళ పోటీ జరిగిన దారి ఎక్కడని మాత్రం అడిగాను. ఆయన గర్వంగా వేలు చూపించాడు. మేము నిలబడిన కాలువ కట్టే ఆ దారి. రోడ్డు రోలరు తొక్కిన కట్ట. పక్కన నీళ్ళు, పైన తుమ్మచెట్ల నీడ. ముసలివాళ్ళు పొద్దున పూట చేతికర్ర కూడా లేకుండా నడిచే చోటు. ఇంట్లో హాలు గురించి నాకు చెప్పిన మనిషి పిల్లలను పరిగెత్తించింది ఇక్కడ.

పులివెందుల నా పుట్టిల్లు. ఆ దారి కూడా చూడందే మాట్లాడకూడదనుకుని ఆ ఆదివారం వెళ్ళి మా తమ్ముడి బండి వెనక కూర్చుని తిరిగాను. చీనీ తోటల మధ్య మెత్తటి మట్టిబాట, ఒకచోట చిన్న మిట్ట. ప్రొద్దుటూరు కంటే కాస్త కష్టం. కానీ న్యాయంగానే ఉంది. ఆ రెండు దారుల్లో పరిగెత్తిన వాళ్ళ సమయాలు కూడా ఆ కాస్త తేడానే చూపించాయి. అంటే అంకెలు అబద్ధం చెప్పడం లేదు. దారి కష్టమయ్యే కొద్దీ అందరి సమయమూ పెరుగుతుంది. ఆ మాట ఒక్కటి ఒప్పుకుంటే, జమ్మలమడుగు దారి ఎంత కష్టమో కూడా ఆ అంకెలే చెప్పాలి. అవి చెబుతున్నది చూస్తే మాత్రం నమ్మేట్టు లేదు. అంత తేడా ఒక మిట్టకో రెండు గట్లకో రాదు.

"మీరు పరిగెత్తింది ఎక్కడే? నాకు చూపించు" అన్నాను నాజియాతో.

జమ్మలమడుగు పోటీ ఊళ్ళో జరగలేదు. కొండాపురం వైపు, రిజర్వాయరులో ఊళ్ళు మునిగిన వాళ్ళకు కట్టిచ్చిన ఒక కాలనీ దగ్గర పెట్టారు. ఆటో దిగి కాలనీ బడి దగ్గర నిలబడ్డాం. శనగ చేల మధ్య నుంచి చక్కటి బండ్లబాట ఒకటి పోతోంది. పరుగు దానిమీదే అనుకుని అటు అడుగేశాను.

"అటు గాదు ఆంటీ. గీత ఇటు పోయింది."

పోటీలకు దారి తెలియడానికి నేలమీద సున్నం పొడితో గీత పోస్తారు. ఆ గీత చెరిగీ చెరగక అక్కడక్కడా కనిపిస్తోంది. అది చేలను తాకకుండా పక్కకు తిరిగి, ఇసుక వంకలోకి దిగి, అవతల రాళ్ళగుట్ట నెత్తికెక్కి, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది. గుట్ట సగం ఎక్కేసరికే నా చెప్పు తెగింది. తుమ్మముల్లు, పలుగురాళ్ళు. నాజియా మోకాలి మీద మానని గాయం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

"దీనిమీద పరిగెత్తించారా మిమ్మల్ని? ఎవరూ అడగలేదా?"

"అడిగితే మాకు శాతగాలేదనుకుంటారని ఎవురూ నోరెత్తలేదు ఆంటీ. క్రాస్ కంట్రీ అంటే ఇట్లనే ఉంటుందేమో అనుకున్యాం."

అక్కడి నుంచే జమ్మలమడుగు ఆటల మాస్టరు, పీఈటీ సలీంకి ఫోన్ చేశాను. ఇక్కడ దారి కొలిచి గీత పోసింది అతనే.

"గుట్టా? గుట్ట మీందికి నేనెందుకు పోస్తా మేడం? నా బైకు యాడెక్కుతాది ఆడికి? నేను పోసింది బండ్లబాట మీంద. ముందురోజు సాయంత్రమే పోసి పెట్టినా."

"మరి పోటీ నాడు మీరు చూడలేదా?"

"నేను గెలుపు గీత కాడ నిలబడినా. నడమ నిలబెట్టేకి మనుషుల్ని ఇయ్యలేదు. పిల్లోళ్లంతా అంత ఆలస్యంగా వస్తాంటే, ఈ ఏడు పూర్తిగా సోమరిపోతులైపోయినారని తిట్టినా గూడా."

గుట్ట ఎక్కి దిగి రక్తాలతో వచ్చిన పిల్లలను ఆ మనిషి తిట్టాడు. నాజియా పక్కకు తిరిగి రాయి మీద కూర్చుంది. ఫోన్ పెట్టేశాను. ఇంకొక మాట మాట్లాడి ఉంటే నా నోటి నుంచి ఏం వచ్చేదో.

కిందికి దిగేసరికి శనగ చేలో కలుపు తీస్తున్న పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని మమ్మల్నే చూస్తోంది. పేరు సైదున్నీసా అని తర్వాత చెప్పింది.

"ఎవురు మీరు? మళ్లా కొలతలకొచ్చినారా?"

"భూమి కొలతకు కాదమ్మా. ఈ పిల్ల పరిగెత్తిన దారి చూడ్డానికొచ్చాం."

ఆమె ముఖం తేరుకుంది. "ఓ, ముందర పరిగెత్తిన పిల్ల నువ్వేనా? గుట్ట మీంద మేకపిల్ల మాదిరి పోతాంటివి గదే."

"గీత బండ్లబాట మీద పోశారంట. గుట్ట మీదికి ఎట్లా పోయిందో మీకేమైనా తెలుసా?"

సైదున్నీసా కొడవలి కింద పెట్టింది. "నువ్వు ఆఫీసామెవా?"

"కాదమ్మా. ఇంట్లో ఉండేదాన్నే."

"అయితే సెప్తా. ఆడికి పోసింది మేమే." ఆమె చేను వైపు చెయ్యి చాపింది. "ఈ సున్నం మాకు కొత్త గాదు. మొదటి తూరి పోసినారు, మా ఊరు నీళ్లలోకి పాయె. ఇంగో తూరి పోసినారు, మిగిలిన సేనులో సగం రోడ్డుకు పాయె. మునగంగా మిగిలింది ఈ ముక్కే. మొన్న సాయంత్రం సూస్తే మళ్లా తెల్లగీత, సేలకు నట్టనడుమ. అడుగుదామంటే పోసినాయప్ప బైకెక్కి పోయినాడు. మా ఆడోళ్లమంతా చీపుర్లు తీసుకోని పోయి తుడిచేసినాం."

"గుట్ట మీద మళ్ళీ ఎందుకు పోశారు?"

"ఉత్త తుడిస్తే తెల్లారి వచ్చి మళ్లా పోస్తారు గదమ్మా. బడి అరుగు మీంద మూట మిగిలిపోయింటే తెచ్చి, సేల బయట మేమే పోసినాం. గుట్ట ఎవురిదీ గాదు. కావాలంటే ఆ గుట్టను ఎత్తుకోని పోనీ అనుకుంటిమి. తెల్లారి పిల్లోళ్లు వచ్చి దానిమీంద పరిగెత్తితే గదా సంగతి తెలిసింది. తల కొట్టుకుంటిమి. సెప్పేకి భయమాయె."

నాజియా నవ్వు ఆపుకోలేకపోయింది. అంతలోనే ఆ నవ్వు పోయింది. "అవ్వా, ఆ గుట్ట వల్ల నా పేరు పాయె" అంది.

నాకు ఆ ఆడవాళ్ళ మీద కోపం రాలేదు. సున్నం గీత పడితే భూమి పోతుందని వాళ్ళకు నేర్పింది ఎవరు? చేల గుండా గీత పోయాలంటే ఆ చేల వాళ్ళకు ఒక మాట చెప్పాలని తోచనిది ఎవరికి? పరుగు దారిలో ఒక్క మనిషిని కూడా నిలబెట్టనిది ఎవరు? వీళ్ళెవరికీ ఏమీ కాలేదు. శిక్ష పడింది పరిగెత్తిన పిల్లకు.

మరునాడు నాజియా సైకిలు తెచ్చాం. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరమో మైమూన్ బట్టలు కుట్టే టేపుతో కొలిచి, చక్రం ఊచకు ఎర్ర గుడ్డపేలిక కట్టాం. సైదున్నీసా ముందు నడుస్తూ తాము సున్నం పోసిన చోటల్లా చూపించింది. నాజియా సైకిలు తోసింది. పేలిక కిందికి వచ్చినప్పుడల్లా నేను లెక్కపెట్టాను. పొరపాటు లేకుండా రెండుసార్లు కొలిచాం. రెండుసార్లూ దాదాపు అయిదు కిలోమీటర్లు వచ్చింది. నాలుగు కిలోమీటర్ల పరుగుల పక్కన పెట్టి పోల్చిన పరుగు అది.

"నా పేరు యాడా సెప్పొద్దు తల్లీ" అంది సైదున్నీసా మేము ఆటో ఎక్కుతుంటే. చెప్పనన్నాను.

ముగ్గురం మళ్ళీ ప్రొద్దుటూరు కాలువ కట్టకు వెళ్ళి చెబితే అవినాష్ ఈసారి శ్రద్ధగానే విన్నాడు. సలీంకి ఫోన్ చేసి నిజమేనని తేల్చుకున్నాడు. న్యాయం జరుగుతుందని నాకు నమ్మకం కలుగుతుండగా గొంతు సవరించుకున్నాడు.

"అంటే మీ పిల్లోళ్లు మేము ఒప్పుకున్న దారిలో పరిగెత్తనే లేదన్నమాట. అట్లయితే జమ్మలమడుగు పోటీ సెల్లదు మేడం. రద్దు సేస్తాం. మీ పాపకు ఉన్న మొదటి స్థానం గూడా పోతాది."

మైమూన్ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, ఉన్నది గూడా పోతాందే."

"ఇంగోటి, గీత మార్చినోళ్ల పేర్లు రాసీండి. అట్లాంటోళ్లను ఊరికే వదిలితే ఎట్ల?"

"పేర్లు ఇవ్వను సార్. గీత పోసి, మనిషిని పెట్టకుండా వచ్చేసింది మీ వాళ్ళు. పిల్లలు గీత ఎటు పొమ్మంటే అటు పోయారు. దూరం ఎక్కువ పరిగెత్తారు. తక్కువ పరిగెత్తి ఉంటే మోసమనేవారు. ఎక్కువ పరిగెత్తితే ఏమంటారు దాన్ని?"

"రూలు మేడం."

"ఒక గుట్ట ఎక్కి దిగడానికి ఎంత సమయం లెక్కగట్టాలో మీ రూల్లో ఉందా? ఇసుక వంకకు ఎంత? కాలువ కట్ట మీద నీడలో పరిగెత్తిన వాళ్ళకు ఎంత తగ్గించాలి? అవేవీ కొలవకుండా మూడు దారుల సమయాలనూ ఒకే వరుసలో పేర్చడం ఏ రూలు?"

"అవన్నీ కొల్చేకి ఎవురితో అయితాది?"

"కొలవలేనప్పుడు పోల్చకూడదు సార్."

నా గొంతు పెరిగిందేమో, కట్ట మీద కాళ్ళు సాగదీస్తున్న పిల్లలు ఆగి చూశారు. ఎంపికైన ఆరుగురూ వాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నలు కూడా కొందరున్నారు. నాజియా అప్పటిదాకా మా వెనకే నిలబడింది. ముందుకొచ్చింది.

"సార్, ఈళ్లతో పాటు నేనూ పరిగెత్తుతా. ఈ కట్ట మీందనే. వాచ్ మీ సేతిలోనే పెట్టుకోండి."

అవినాష్ చుట్టూ చూశాడు. వద్దంటే అందరి ముందూ వద్దనాలి. "సరే. నాలుగు కిలోమీటర్లు. మళ్లా ఏడుపులొద్దు" అన్నాడు.

ఏడుగురూ బయలుదేరారు. కట్ట మలుపు దాటాక తుమ్మచెట్ల వెనక కనిపించలేదు. మైమూన్ ఏదో చదువుకుంటూ కళ్ళు మూసుకుంది. నేను కట్ట మీద అటూ ఇటూ తిరిగాను. తిరిగి వస్తున్నప్పుడు ముందు ఇద్దరు కనిపించారు, ఇద్దరూ ప్రొద్దుటూరు పిల్లలే. వాళ్ళ వెనక కొద్ది దూరంలోనే నాజియా. చివర వేదశ్రీ అనే పిల్ల, డొక్క పట్టుకుని వచ్చింది.

మూడో స్థానం. అవినాష్ వాచ్ వైపు కాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

"బాగా పరిగెత్తింది. సరే, మీరింత దూరం వచ్చినారు గాబట్టి, దయతలిచి పాప పేరు రాస్తా."

"దయ అక్కర్లేదు సార్. మూడోదిగా వచ్చింది. మూడోదిగా రాయండి."

ఆయన నా వైపు చూడకుండా రాశాడు. రాసి, చివర వచ్చిన పిల్ల పేరు కొట్టేశాడు. "జట్టంటే ఆరుగురే. వేదశ్రీ, నువ్వు రిజర్వు."

మైమూన్ కూతురి తలను గుండెకు అదుముకుంది. రాష్ట్ర పోటీకి పోతోంది మా నాజియా. నా కళ్ళు కూడా తడిశాయి. కానీ ఆ సంతోషం నిమిషం నిలవలేదు. ఒకావిడ వచ్చి నా ఎదురుగా నిలబడింది. వేదశ్రీ వాళ్ళ అమ్మ, పేరు నిర్మలమ్మ.

"మా పాప ఏం తప్పు సేసిందక్కా? వాళ్లు యాడ పరిగెత్తమంటే ఆడ పరిగెత్తింది. పేరొచ్చిందని సెప్పింది వాళ్లే. అవ్వాతాతలకంతా ఫోన్లు సేసి సెప్పుకుంది. ఇప్పుడు అందరి ముందర కొట్టేస్తిరి."

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. మూడు ఊళ్ళ పిల్లలనూ ఒకే గీత మీద నిలబెట్టడం కష్టమని, కమిటీ వాళ్ళు రెండు ఇళ్ళ ఆడవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టారు. జమ్మలమడుగు పిల్లల్లో మిగతావాళ్ళ సంగతి ఎవరూ ఎత్తనే లేదు. వాళ్ళూ అదే గుట్ట ఎక్కారు. వాళ్ళ వెంట వచ్చి అడిగేవాళ్ళు లేరు, అంతే తేడా.

"ఏ తప్పూ చెయ్యలేదమ్మా" అన్నాను. "మా పాపా చెయ్యలేదు. ఆ మాట నన్ను కాదు, ఆయన్ని అడగండి."

అవినాష్ కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాడు. "ఈ తూరికి ఇట్ల జరిగిపోయిందిలేమ్మా. వచ్చే ఏడు అందరినీ ఒకే సోట పరిగెత్తిస్తాం."

"ఈ ఏడెందుకు పరిగెత్తియ్యలేదు?" అంది నిర్మలమ్మ.

ఆయన సంచి జిప్పు లాగుతూనే ఉన్నాడు.

"పోదాం పాక్కా, బస్సు టైమైతాంది. మన పని అయిపోయింది గదా" అని మైమూన్ మెల్లగా నా చెయ్యి లాగింది.

"మీరు పోండి. నేను తర్వాత బస్సుకు వస్తాను" అని చెప్పి, నిర్మలమ్మ పక్కకు వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"ఆమె అడిగినదానికి జవాబు చెప్పండి సార్."